అంగన్‌వాడీలో జబ్బు సెలవు: అపోహలు, వాస్తవాలు

అపోహ: అంగన్‌వాడీ టీచరు ప్రభుత్వోద్యోగి కనుక, జబ్బు చేస్తే జీతంతో కూడిన సెలవు విడిగా ఉంటుంది.

వాస్తవం: టీచరుకూ ఆయాకూ అందేది జీతం కాదు, గౌరవ వేతనం. వీరివి సివిల్ పోస్టులు, అంటే ప్రభుత్వ కొలువులు, కావని సుప్రీంకోర్టు 2006లో అమీర్‌బీ కేసులో తేల్చింది. 2022 ఏప్రిల్‌లో వీరు గ్రాట్యుటీకి (పని నుంచి తప్పుకునేటప్పుడు ఇచ్చే మొత్తానికి) అర్హులని అదే కోర్టు చెప్పినా, అది జబ్బు సెలవుకు సంబంధించిన తీర్పు కాదు. ప్రసూతికి 180 రోజులు, ఏడాదికి 20 రోజులు సెలవు ఇస్తారు. జ్వరమైనా, ఇంట్లో పెళ్లయినా ఆ ఇరవైలోనే సర్దుకోవాలి.

అపోహ: ఒకరు రాకపోయినా రెండోవారు ఉన్నారు కదా.

వాస్తవం: సూపర్‌వైజరుగా నేను పక్క కేంద్రం టీచరును ఇన్‌చార్జిగా వేస్తూ ఎన్నో ఉత్తర్వులు రాశాను. తన కేంద్రంలోని పిల్లలను వదిలి రాలేని ఆమె మధ్యాహ్నం వచ్చి రిజిస్టరు చూసి వెళ్తుంది. అంటే ఆ ఉత్తర్వుతో కాగితం భర్తీ అవుతుంది గానీ మనిషి కాదు. ఇంటింటికీ తిరిగి పిల్లలను తెచ్చి, గది ఊడ్చి, వంట చేసే ఆయాయే ఆ రోజు పిల్లలనూ చూసుకోవాలి. పొయ్యి మీద పప్పు మరుగుతుండగా మూడేళ్ల బిడ్డ గడప దాటితే, ఆమె ఏ వైపు పరుగెత్తాలి? హాజరు నమోదు చేసే పోషణ్ ట్రాకర్ యాప్ లాగిన్ టీచరు ఫోనులో ఉంటుంది కాబట్టి, జ్వరంతో పడుకున్న మనిషికి హాజరు గురించి ఫోన్లు పోతూనే ఉంటాయి. (అలా చేసినవారిలో నేనూ ఉన్నాను.) ఆయా పోస్టు ఖాళీగా ఉన్న చోట టీచరు సెలవు పెడితే కేంద్రానికి తాళమే.

అపోహ: ఒంట్లో బాగోలేకపోయినా పనికి రావడం అంకితభావం.

వాస్తవం: ఆటలమ్మ పొక్కులు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచి, అవన్నీ పక్కు కట్టేవరకూ అంటుకుంటుంది. విరేచనాలు తగ్గాక కూడా 48 గంటల పాటు వంటకూ వడ్డనకూ దూరంగా ఉండాలి. ఒకసారి తనిఖీకి వెళ్లేసరికి, ఒక ఆయా గోడకు చేరగిలబడి ఉడికిన గుడ్లు ఒలుస్తోంది, రాత్రంతా విరేచనాలేనట. ఇంటికి వెళ్లమంటే, ‘నేను పోతే పిల్లలకు ఎవరు పెడతారు మేడం?’ అని అడిగింది. ఆమెను పంపించి, ఒలిచిన గుడ్లు పారేసి, టీచరూ నేనూ వంటకు కూర్చున్నాం. ఆ రోజు పాట లేదు, అక్షరం లేదు.

అపోహ: సెలవు దినాలు పెంచితే చాలు.

వాస్తవం: ఉన్న ఇరవై రోజులే వాడుకోలేనివారికి ముప్పై ఇచ్చినా మిగిలిపోతాయి. కావలసింది సెక్టారుకు (ఒక సూపర్‌వైజరు కింద ఉండే కేంద్రాలన్నిటికీ కలిపి) ఒకరిద్దరు శిక్షణ పొందిన బదులు మనుషులు, వారికి రోజు కూలీ, బస్సు చార్జీలు, ఆ రోజుకు పనిచేసే విడి లాగిన్.