పెన్సిల్ గీతకు ఎడమవైపు

రెండేళ్ళు నిండినా పిల్లవాడికి మాటలు రాకపోతే మన ఇళ్ళల్లో ఎవరో ఒకరు అనే మాట ఉంది: "మగపిల్లలకు మాటలు ఆలస్యమేనమ్మా, వాళ్ళ నాన్నకూ నాలుగేళ్ళకు గానీ రాలేదు." తల్లి టెన్షన్ పడకూడదనే అంటారు. కొందరు పిల్లలు నిజంగానే కాస్త ఆలస్యంగా అందుకుంటారు కూడా. కానీ ఎవరు తమంతట తామే అందుకుంటారో, ఎవరికి సాయం కావాలో ఊహించి చెప్పలేం. మెదడు అతి వేగంగా ఎదిగే తొలి ఏళ్ళు ఇలా 'చూద్దాంలే' అంటూ గడిచిపోవడమే నాకు బాధగా ఉంటుంది.

ఆ సంగతి తేల్చుకోవడానికి మొదటి అడుగు ఖరీదైనదేమీ కాదు. కేరళలో డాక్టర్ ఎం.కె.సి. నాయర్ బృందం 1991లో 'త్రివేండ్రం డెవలప్‌మెంట్ స్క్రీనింగ్ చార్ట్' ప్రచురించింది. అందులో రెండేళ్ళలోపు పిల్లలు నేర్చుకునే 17 పనులుంటాయి. మనిషిని చూసి నవ్వడం, రెండు మాటలు పలకడం, బొమ్మ ఒంటిమీద కన్నూ ముక్కూ చూపించడం లాంటివి. ఒక్కో పనికి ఒక్కో అడ్డపట్టీ ఉంటుంది. దాని చివరి అంచు వచ్చేసరికి దాదాపు పిల్లలందరికీ ఆ పని వచ్చేసి ఉండాలి. బిడ్డ వయసు దగ్గర పెన్సిల్‌ను నిలువుగా పెడతారు. పెన్సిల్‌కు ఎడమవైపే ముగిసిపోయిన పట్టీల్లో ఏ ఒక్క పని రాకపోయినా, ఆ బిడ్డను వివరమైన పరీక్షకు పంపాలి. కాస్త శిక్షణ ఇస్తే అంగన్‌వాడీ టీచర్ కూడా చేయగలిగిన పని ఇది. అంతమాత్రాన ఇది జబ్బు నిర్ధారణ అయిపోదు, ఎవరిని ముందు చూడాలో చెబుతుంది.

ఇలా చూడాల్సిన పిల్లలు మనం అనుకునేకంటే ఎక్కువే. దేశంలో హైదరాబాద్‌తో సహా ఐదు ప్రాంతాల్లో 3,964 మంది పిల్లలను పరీక్షించిన అధ్యయనం 2018లో వెలువడింది. వినికిడి, చూపు లోపాల నుంచి ఆటిజం, మూర్ఛ, చదువులో ఇబ్బందుల వరకు తొమ్మిది రకాల సమస్యలను చూశారు. రెండు నుంచి ఆరేళ్ళలోపు వారిలో 9.2 శాతం మందికి, ఆరు నుంచి తొమ్మిదేళ్ళ వారిలో 13.6 శాతం మందికి వీటిలో కనీసం ఒకటి ఉన్నట్టు తేలింది.

వీళ్ళ కోసం ఏర్పాట్లు లేకపోలేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి వెళ్ళాలి. సందేహం ఉన్న పిల్లలను జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపాలి. జనం దీన్ని డీఈఐసీ అంటారు. పిల్లల డాక్టర్, ఫిజియోథెరపిస్టు, స్పీచ్ థెరపిస్టు, సైకాలజిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్ ఒకే చోట ఉండాలన్నది దాని ఆలోచన. ఆలోచన చాలా మంచిది. అయితే ప్రైవేటు బడిలో చదివే పిల్లవాడి దగ్గరికి ఆ బృందం రాదు. పైగా ఎదుగుదల లోపాలకు మందుబిళ్ళలా ఒకసారి ఇచ్చి పంపే వైద్యం లేదు. నెలల తరబడి వారం వారం థెరపీ కావాలి. కూలి మానుకుని, బిడ్డను ఎత్తుకుని, రెండు బస్సులు మారి అన్ని వారాలు రమ్మంటే ఎందరు రాగలరు?

ఈ ప్రశ్నకు పరిశోధన ఇచ్చిన జవాబుల్లో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది గోవాలోనూ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ జరిగిన 'పాస్' అధ్యయనం. ఫలితాలు 2016లో వచ్చాయి. ఆటిజం ఉన్న 65 మంది పిల్లలు, రెండు నుంచి తొమ్మిదేళ్ళ వారు, అందులో పాల్గొన్నారు. వాళ్ళలో దాదాపు సగం మంది కుటుంబాలను శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఆరు నెలల్లో 12 సార్లు కలిశారు. వీళ్ళెవరూ స్పెషలిస్టులు కారు. వాళ్ళు పని చేసింది ప్రధానంగా తల్లిదండ్రులతో. తల్లి బిడ్డతో ఆడుకునే కాసేపూ వీడియో తీస్తారు. తర్వాత తల్లీ, కార్యకర్తా కలిసి కూర్చుని దాన్ని ఆపి ఆపి చూస్తారు.

పిల్లవాడు బొమ్మ కారును తిరగేసి చక్రం తిప్పుతున్నాడనుకోండి. మనం వెంటనే "ఇటు చూడు, ఇదేం రంగు? రెడ్ అను" అంటాం. అడిగేకొద్దీ వాడు ముఖం తిప్పుకుంటాడు. అదే తల్లి పక్కన కూర్చుని, కాసేపు ఆగి, "గిర్రున తిరిగింది చక్రం!" అంటే? వాడు ఒక్క క్షణం తలెత్తి చూడవచ్చు. ఇంటి హడావిడిలో ఎవరికీ కనిపించని ఆ చూపు వీడియోలో దొరుకుతుంది. తను ఏం చేస్తే బిడ్డ స్పందించాడో తల్లి తన కళ్ళతో చూస్తుంది, మర్నాడు మళ్ళీ చేస్తుంది. ఆరు నెలలకు తల్లిదండ్రులు బిడ్డకు అనుగుణంగా స్పందించడం బాగా పెరిగింది. పిల్లలు తమంతట తాము పలకరించడమూ పెరిగింది. ఒకే వస్తువు మీద ఇద్దరూ కలిసి దృష్టి పెట్టే సమయం మాత్రం తగ్గింది. అన్నీ అనుకున్నట్టు జరగలేదన్న సంగతినీ పరిశోధకులు దాచకుండా రాశారు, అందుకే ఆ అధ్యయనం మీద నాకు నమ్మకం.

అయితే నిపుణుల అవసరం తీరిపోయిందని దీనికి అర్థం కాదు. ఆ కార్యకర్తలకు నేర్పేవాళ్ళు, వాళ్ళ పనిని గమనించి దిద్దేవాళ్ళు ఉండాలి కదా. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ, ఇప్పటి పేరు ఎన్ఐఈపీఐడీ, స్పెషల్ ఎడ్యుకేషన్ లాంటి కోర్సులు నడుపుతోంది. ఈ రంగంలో పనిచేసే స్పెషల్ ఎడ్యుకేటర్లు, స్పీచ్ థెరపిస్టులు భారత పునరావాస మండలిలో నమోదై ఉండాలని 1992 నాటి చట్టం చెబుతోంది. ఫీజు కట్టేముందు ఆ రిజిస్ట్రేషన్ చూపించమని అడగడం తల్లిదండ్రుల హక్కు. మొహమాటపడకండి.

మాటలు ఆలస్యమైతే ముందుగా వినికిడి పరీక్ష చేయించండి. తలుపు చప్పుడుకు తిరిగి చూస్తున్నాడు కాబట్టి వినిపిస్తోందని అనుకోవద్దు, కొన్ని శబ్దాలు వినిపిస్తూ మాటలోని అక్షరాలు వినిపించకపోవచ్చు. ఇక అమెరికాలో ఉన్న మనవాళ్ళకూ, ఇక్కడ ఇంగ్లీషు మీడియం బడికి పంపేవాళ్ళకూ "ఇంట్లో తెలుగు ఆపేయండి, రెండు భాషలతో తికమక పడుతున్నాడు" అన్న సలహా తరచూ ఎదురవుతుంది. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లల మాట వెనకబడుతుందని పరిశోధనల్లో తేలలేదు. బిడ్డ పక్కన కూర్చుని చక్రం గురించి మాట్లాడాల్సిన తల్లికి ఏ భాషలో మాట తడుముకోకుండా వస్తుందో, ఆ భాషలోనే మాట్లాడనివ్వండి.