జిప్పు మూసిన సంచి

చిరంజీవులకు,

అమ్మమ్మ ఆశీస్సులు. థ్యాంక్స్‌గివింగ్ అయిపోయింది కదా, ఈపాటికి మీ బ్యాక్‌ప్యాకుల్లోంచి, విరాళాలు తెమ్మని బడివాళ్ళు పంపే రంగురంగుల కాగితాలు బయటపడుతూ ఉంటాయి. ఒకదాని మీద డబ్బాల బొమ్మ, ఒకదాని మీద చలికోటు, ఇంకోదాని మీద చెట్టు. అమ్మ ఆ కాగితాన్ని ఫ్రిజ్‌కి అంటించి, "రేపు ఏదో ఒక డబ్బా పట్టుకెళ్ళు నాన్నా" అని ఉంటుంది. ఆ "ఏదో ఒక డబ్బా" గురించే ఈ ఉత్తరం.

నేను ఇక్కడ అమెరికాలో ఒక ప్రభుత్వ పాఠశాల కెఫెటీరియాలో 19 ఏళ్ళు పిల్లలకు భోజనం వడ్డించానని మీలో కొందరికి తెలుసు. రిటైరయ్యాక వారానికోసారి ఒక ఫుడ్ ప్యాంట్రీకి, అంటే లేనివాళ్ళకు తిండి సరుకులు ఉచితంగా ఇచ్చే చోటికి వెళ్ళి, బడుల నుంచి వచ్చిన తిండి డబ్బాలు వేరుచేస్తున్నాను. అంటే మీరు పెట్టెలో వేసి మరచిపోయిన డబ్బా చివరికి వచ్చేది నాలాంటివాళ్ళ చేతికే. అందుకే నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

డిసెంబరులో బడి ఎంత సందడిగా ఉంటుందో మీకు వేరే చెప్పాలా! వింటర్ కాన్సర్టు, పుస్తకాల ఫెయిరు, పైజామాలతో బడికి వెళ్ళే రోజు, టీచర్లకీ బస్సు డ్రైవరుకీ కార్డులు. నాకూ అవన్నీ ఇష్టమే. మా కెఫెటీరియా తలుపు తీసి ఉంచితే పక్క హాల్లోంచి కోయిర్ పిల్లల రిహార్సల్ వినిపించేది. గిన్నెలు తోముతూ వాళ్ళ పాటలన్నీ నాకూ వచ్చేశాయి.

కానీ అదే హాలు పక్కన నేను ఇంకోటి కూడా చూశాను. సెలవుల ముందు ఆఖరి రోజు భోజనాల లైన్లో కొందరు పిల్లలు ఆపిల్ తినకుండా కోటు జేబులో వేసుకునేవాళ్ళు. షేర్ టేబుల్ మీద మిగతావాళ్ళు వదిలేసిన పాల డబ్బాలు, మూత తీయని చీజు పొట్లాలు ఆ రోజు క్షణంలో మాయమయ్యేవి. మొదటి ఏడాది అది అల్లరి అనుకున్నాను. రెండో ఏడాదికి అర్థమైంది. మర్నాటి నుంచి రెండు వారాలు మా వంటగదికి తాళం. వాళ్ళలో కొందరికి రోజుకు రెండు పూటలు కడుపు నిండా తిండి దొరికేది బడిలోనే.

ఈ దేశంలో బడి భోజనానికి చట్టం వచ్చింది 1946లో. ఆ ఏడాది జూన్ 4న అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్ దానిమీద సంతకం చేశారు. ఇప్పుడు బడి ఉన్న రోజున దాదాపు 3 కోట్ల మంది పిల్లలు ఆ భోజనం తింటున్నారు. వాళ్ళలో ఎక్కువమందికి అది ఉచితం, లేదా తక్కువ ధరకే. మీ పక్కన కూర్చుని తినేవాడిది ఏదో మీకు తెలియదు. తెలియకూడదనే చట్టం. ఉచిత భోజనం తినే పిల్లలకు వేరే టోకెన్లు ఇవ్వకూడదు, వేరే లైను పెట్టకూడదు, వాళ్ళ పేర్లు ఎక్కడా చదవకూడదు, గోడకు అంటించకూడదు. 1970 నుంచి ఈ మాట చట్టంలోనే రాసి ఉంది. మనవాళ్ళు గుప్తదానం అంటారే, అది ఒక దేశం చట్టంలోకి ఎక్కిందన్నమాట. నాకు ఈ దేశంలో బాగా నచ్చిన విషయాల్లో ఇదొకటి.

ఆ చట్టం విలువ నాకు ఒక తప్పు చేశాకే తెలిసింది. ఉద్యోగంలో చేరిన కొత్త. సెలవుల ముందు కొన్ని కుటుంబాలకు తిండి సంచులు సిద్ధం చేశారు. నేనూ సాయంగా వెళ్ళాను. ఎవరెవరివో నాకు తెలిసింది. మర్నాడు లైన్లో ఒక అబ్బాయి కనిపించాడు. అయిదో తరగతి. ప్రేమగానే అన్నాను, "బాబూ, నీ సంచి ఆఫీసులో ఉంది, వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళు" అని. వెనకున్న వాడి స్నేహితుడు "ఏం సంచి?" అని అడిగాడు. ఆ అబ్బాయి నా ముఖంలోకి చూసి "నాది కాదు, ఇంకెవరిదో అయ్యుంటుంది" అన్నాడు. ట్రే అక్కడే పెట్టేసి వెళ్ళిపోయాడు. తరవాతి మూడు రోజులూ భోజనానికే రాలేదు, లైబ్రరీలో కూర్చున్నాడట. జనవరిలో బడి తెరిచేసరికి ఆ సంచి ఆఫీసు మూలన అలాగే ఉంది. ముడి కూడా విప్పలేదు. నేను కావాలని చేయలేదు, నిజమే. కానీ ఆ సెలవుల్లో వాళ్ళింట్లో ఆ తిండి లేకపోవడానికి కారణం నా నోరే.

ఇప్పుడు చాలా బడుల్లో శని, ఆదివారాలకు సరిపడా తిండి సంచులు శుక్రవారం ఎలా ఇస్తారో చెబుతాను. పిల్లలంతా జిమ్‌కి వెళ్ళినప్పుడు ఒక పెద్దావిడో పెద్దాయనో ఖాళీ తరగతిలోకి వచ్చి, బ్యాక్‌ప్యాకు జిప్పు తీసి, సంచి లోపల సర్ది, మళ్ళీ జిప్పు వేసేస్తారు. అంతే. పైకి బరువు తప్ప ఏమీ తెలియదు. ఈ పద్ధతి అర్కాన్సాస్‌లోని లిటిల్ రాక్‌లో మొదలైంది. అక్కడ ఒక బడి నర్సు దగ్గరికి పిల్లలు కడుపునొప్పి అనీ కళ్ళు తిరుగుతున్నాయనీ వస్తూ ఉండేవాళ్ళు. ఆవిడ మందు ఇచ్చి పంపేయకుండా, ఇది ఆకలి అని పోల్చుకుని, అక్కడి ఫుడ్ బ్యాంకును సాయం అడిగింది. ఇవాళ ఎన్నో ఊళ్ళ బడుల్లో అలాంటి సంచులు వెళుతున్నాయి. మీ తరగతిలో ఎవరి బ్యాగన్నా శుక్రవారం బరువుగా కనిపిస్తే, అందులో ఏముందని అడగొద్దు తల్లీ.

ఇక డబ్బాల సంగతి. మనకో సామెత ఉంది, దానమిచ్చిన ఆవు పళ్ళు ఎంచకూడదని. పుచ్చుకునేవాడు వంకలు పెట్టకూడదని దాని అర్థం. సరే, పుచ్చుకునేవాడు ఎంచకూడదు. అయితే ఇచ్చేవాడు ఎంచాలి కదా! కఠోపనిషత్తులో నచికేతుడు మీ వయసువాడే. వాళ్ళ నాన్న యజ్ఞం చేసి ఆవుల్ని దానం చేస్తున్నాడు. ఎలాంటి ఆవులు? తాగాల్సిన నీళ్ళు తాగేసినవి, మేయాల్సిన గడ్డి మేసేసినవి, పాలు ఇవ్వడం ఇక అయిపోయినవి. చుట్టూ అంతమంది పెద్దలు ఉన్నా, ఇదేం దానమని మనసులో కలుక్కుమన్నది ఆ పిల్లాడికే. ప్యాంట్రీలో బల్ల ముందు నిలబడ్డప్పుడల్లా నాకు వాడే గుర్తొస్తాడు.

ఎందుకంటే మా బల్ల మీదికి అలాంటి ఆవులు చాలా వస్తాయి. నాలుగేళ్ళ కిందట తేదీ దాటిన గుమ్మడి గుజ్జు. లేబులు ఊడిపోయిన డబ్బా, లోపల చిక్కుడు గింజలో కుక్క తిండో తెలియదు. అతుకు దగ్గర నొక్కుకుపోయిన డబ్బా, వేలితో తడిమితే అంచు లోపలికి పోయి ఉంటుంది. అలాంటి చోట సూక్ష్మజీవులు దూరితే లోపల విషం తయారవ్వచ్చు, కాబట్టి నేరుగా చెత్తబుట్టలోకే. ఒక శనివారం నేనూ ఇంకో ఆవిడా ఇలా పారేసినవే రెండు పెద్ద డ్రమ్ములు నిండాయి. పిల్లలు ఎంతో ఉత్సాహంగా మోసుకొచ్చినవి. చేతులు రాక, కాసేపు అలా చూస్తూ నిలబడిపోయాం.

మంచి డబ్బాల్లోనూ చూసుకోవాల్సింది ఒకటుంది. ఇల్లు పోయి మోటెల్ గదిలో ఉంటున్న కుటుంబం అనుకోండి. ఆ గదిలో పొయ్యి ఉండదు, మహా అయితే మైక్రోవేవ్ ఉంటుంది. క్యాన్ ఓపెనర్ ఎక్కడిది? వాళ్ళకు మీరు పంపిన బీన్స్ డబ్బా ఇనపగుండే. రింగు పట్టుకుని లాగితే మూత వచ్చే డబ్బా అయితే ఆ రాత్రికే భోజనం. ట్యూనా, పీనట్ బటర్, ఓట్‌మీల్, రింగు మూతల సూపు, ఇవి వస్తే మా ప్యాంట్రీలో అందరి ముఖాలూ వెలిగిపోతాయి. రింగు లేని డబ్బాలే ఇవ్వాల్సి వస్తే పక్కన ఒక క్యాన్ ఓపెనర్ పెట్టండి. నేను మా పెట్టెలో చూసిన అతి మంచి విరాళం అదే. ఎవరో చిన్నపిల్ల దానికి రిబ్బను కట్టి పంపింది.

ఏ తరగతి ఎక్కువ డబ్బాలు తెస్తే ఆ తరగతికి పార్టీ అని పెట్టే పోటీ నాకు నచ్చదు. టీచర్లు మంచి మనసుతోనే పెడతారు. కానీ లెక్క డబ్బాలదైతే, అందరూ అన్నిటికన్నా చిన్నదీ చవకదీ వెతుకుతారు. ఒక్క డబ్బా తేలేని పిల్లవాడు తన తరగతి ఓడిపోవడానికి తానే కారణమని తల వంచుకుంటాడు. మీ స్టూడెంట్ కౌన్సిల్‌లో ఈ మాట ఎత్తండి. బడి మొత్తానికి ఒకే లెక్క పెట్టమనండి.

కావలసింది ఏమిటో ఎవరికి తెలుసు? అవసరం ఉన్నవాళ్ళకే. 1967లో అరిజోనాలోని ఫీనిక్స్‌లో జాన్ వాన్ హెంగెల్ అనే ఆయన దేశంలో మొట్టమొదటి ఫుడ్ బ్యాంకు పెట్టాడు. ఆ ఆలోచన ఆయనకు ఎలా వచ్చిందో తెలుసా? పదిమంది పిల్లల తల్లి ఒకావిడ కిరాణా దుకాణం వెనక చెత్త డబ్బాల్లో తిండి ఏరుకుంటోంది. డబ్బు దాచుకునే బ్యాంకుల్లాగా, పారేసే తిండిని దాచిపెట్టి కావలసినవాళ్ళు తీసుకెళ్ళే చోటు ఒకటి ఉండాలని ఆవిడే ఆయనతో అంది. మొదటి ఏడాదిలోనే 2,75,000 పౌండ్ల తిండి పంచారు. అందరూ ఆయన పేరే చెబుతారు. నేను ఆవిణ్ణే తలుచుకుంటాను.

మీ బడి ఆఫీసులో చీటీలు వేలాడే చెట్టు ఉంటుందే, దానికీ ఇలాంటి కథే ఉంది. 1979లో వర్జీనియాలోని లించ్‌బర్గ్‌లో సాల్వేషన్ ఆర్మీ అనే సేవాసంస్థలో పనిచేసే చార్లెస్, షర్లీ వైట్ దంపతులు, పేదపిల్లలకు ఏం కావాలో దేవదూతల బొమ్మలున్న కార్డుల మీద రాసి, ఒక షాపింగ్ మాల్‌లో చెట్టుకు వేలాడదీశారు. నాకు తోచింది కాదు, ఆ పిల్ల అడిగింది కొనాలి, అదే అందులో ఉన్న తెలివి. చీటీ మీద పేరు ఉండదు, వయసూ కొలతలూ ఉంటాయి. మీరు ఆ చెట్టు దగ్గరికి వెళితే చిన్నపిల్లల చీటీలు ముందే అయిపోయి ఉంటాయి. బొమ్మలు కొనడం సరదా కదా. ఆఖరి దాకా మిగిలిపోయేవి "అబ్బాయి, 15, బూట్లు సైజు 10" లాంటివి. అది తీసుకోండి. పెద్ద పిల్లలకూ చలి వేస్తుంది.

కోటు ఇచ్చే ముందు జిప్పు పైదాకా లాగి చూడండి. జేబుల్లో చెయ్యి పెట్టి పాత టిష్యూలు తీసేయండి. సాక్సులు, లోదుస్తులు మాత్రం కొత్తవే ఇవ్వాలి.

వింటర్ కాన్సర్టులో తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, నల్ల బూట్లు వేసుకు రమ్మంటారు. నల్ల బూట్లు లేక కాన్సర్టు రోజు జ్వరమని చెప్పే పిల్లలు ఉంటారు. మీకు పొట్టయిన బూట్లు తుడిచి, ఈ నెల మొదట్లోనే మ్యూజిక్ టీచరుకు ఇవ్వండి. ఆవిడ అల్మరాలో పెట్టుకుని, ఎవరికి ఇవ్వాలో వాళ్ళకు ఇస్తుంది. ఆ రోజు స్టేజీ మీద ఆ బూట్లు ఎవరి కాళ్ళకున్నాయో చూడకుండా పాట వినండి.

ఇక ఒక్క మాట, ఇది మీ అందరికీ కాదు. ఈ ఉత్తరం చదువుతున్నవాళ్ళలోనే ఎవరింట్లోనో నాన్న ఉద్యోగం పోయి ఉండొచ్చు. ఇల్లు ఖాళీ చేసి చుట్టాల ఇంట్లో సర్దుకుంటూ ఉండొచ్చు. మన తెలుగువాళ్ళం ఇలాంటివి బయటికి చెప్పుకోం, నాకు తెలుసు. కానీ అడగందే అమ్మైనా పెట్టదు అంటారు కన్నా, నీకు అడిగే హక్కు ఉంది. 1987లో వచ్చిన మెకిన్నీ వెంటో చట్టం ప్రకారం, ఇల్లు పోయి మోటెల్లోనో షెల్టర్లోనో బంధువుల ఇంట్లోనో ఉంటున్న పిల్లలకు సాయం చేయడానికి ప్రతి స్కూల్ డిస్ట్రిక్టులోనూ ఒకరు ఉండి తీరాలి. వేరే ఊరికి మారినా, నీకు మేలనుకుంటే పాత బడిలోనే చదువుకోవచ్చు, రావడానికీ పోవడానికీ బండి ఏర్పాటు చేస్తారు. నర్సు దగ్గరికో కౌన్సెలర్ దగ్గరికో వెళ్ళి తలుపు వేసి "నాకో విషయం చెప్పాలి" అను చాలు. మిగతాది వాళ్ళు అడుగుతారు. ఆ రోజు నాలాగా లైన్లో గట్టిగా అరిచేవాళ్ళు కాదు వాళ్ళు.

వచ్చే శనివారం పొద్దున ప్యాంట్రీలో డబ్బాలు వేరుచేయడానికి మనుషులు కావాలి. పదేళ్ళు దాటినవాళ్ళు అమ్మనో నాన్ననో వెంటబెట్టుకుని రావచ్చు. స్వెట్టరు వేసుకుని రండి, ఆ గది చల్లగా ఉంటుంది. అతుకు దగ్గర వేలు ఎలా పెట్టి చూడాలో నేను నేర్పిస్తాను.

మీ అమ్మమ్మ