హైస్కూల్లోనే కాలేజీ పాఠం: డెబ్బై ఏళ్ల వెనక్కి వెళితే

అమెరికాలో తెలుగు కుటుంబాలు కలిసిన చోట, పిల్లలు హైస్కూలు వయసుకు వచ్చారంటే “మీ అమ్మాయి ఎన్ని ఏపీలు తీసుకుంది?” అన్న ప్రశ్న తప్పదు. ఏపీ అంటే అక్కడ అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. హైస్కూల్లోనే కాలేజీ స్థాయి పాఠం చదివి మే నెలలో పరీక్ష రాస్తారు. స్కోరు 1 నుంచి 5 వరకు ఉంటుంది. 3 వస్తే క్రెడిట్, అంటే ఆ కోర్సు కాలేజీలో పూర్తిచేసినట్టే గుర్తింపు, ఇచ్చే కాలేజీలు చాలా ఉన్నాయి. పోటీ ఎక్కువ ఉన్నవి 4, 5 అడుగుతాయి. ఆ ప్రశ్నలోని ‘ఎన్ని’ అన్న మాట నన్ను కలవరపెడుతుంది. ఇది లెక్క పెంచుకోవడానికి పుట్టిన ఏర్పాటు కాదు.

1950ల మొదట్లో ఆండోవర్, ఎక్సెటర్, లారెన్స్‌విల్ అనే పేరున్న ప్రైవేటు బడులు, హార్వర్డ్, ప్రిన్స్‌టన్, యేల్ విశ్వవిద్యాలయాలు కలిసి కూర్చున్నాయి. బడిలో చదివిందే కాలేజీ మొదటి ఏడాదిలో మళ్లీ చదువుతూ మంచి విద్యార్థులు విసుగెత్తిపోతున్నారన్నది వాటి బాధ. అదే సమయంలో కెన్యన్ కాలేజీ చొరవతో మరికొన్ని కాలేజీలు ఇదే దారి పట్టాయి. రెండింటికీ ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బే ఆసరా. 1955లో, SAT ప్రవేశ పరీక్ష నడిపే కాలేజ్ బోర్డు ఈ కార్యక్రమం బాధ్యత తీసుకుంది. మరుసటి ఏడాది పరీక్ష రాసింది 1,229 మంది. అప్పటికే ముందున్న పిల్లలకు కాలం ఆదా కావాలన్నదే ఉద్దేశం.

ఏపీ ముందున్న పిల్లలకే అన్న గీతను చెరిపిన ఘట్టం 1982లో తూర్పు లాస్ ఏంజెలెస్‌లోని గార్‌ఫీల్డ్ హైస్కూల్లో జరిగింది. బొలీవియా నుంచి వచ్చిన లెక్కల మాస్టారు హైమె ఎస్కలాంటె దగ్గర చదివిన 18 మంది ఏపీ కాలిక్యులస్ పరీక్ష గట్టెక్కారు. చాలామంది మెక్సికన్ మూలాలున్న కార్మిక కుటుంబాల పిల్లలు. కొన్ని తప్పులు ఒకేలా ఉన్నాయని పరీక్ష సంస్థ 14 మందిని అనుమానించింది. వారిలో 12 మంది మళ్లీ రాశారు, అందరూ నెగ్గారు. ఈ కథలో అందరికీ గుర్తుండేది ఆ రెండో పరీక్షే. నాకు ముఖ్యమనిపించేది అంతకు ముందు జరిగింది: బీజగణితం దగ్గర నుంచి కట్టుకొచ్చిన పునాది, వేసవి సెలవుల్లోనూ ఆగని తరగతులు.

తర్వాత కోర్సులు ఊరూరా పాకాయి, పరిశోధకులకు సందేహమూ మొదలైంది. ఏపీ చదివినవారు కాలేజీలో రాణిస్తున్నారు సరే, అది కోర్సు చలవా, లేక చురుకైన పిల్లలే కోర్సులో చేరుతున్నారా? 2004లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ విద్యార్థులపై వచ్చిన అధ్యయనం తేడా స్పష్టంగా చూపింది. ఎన్ని కోర్సులు తీసుకున్నారన్న దానికీ తర్వాతి మార్కులకూ పెద్దగా సంబంధం లేదు. పరీక్షలో వచ్చిన స్కోరుకు మాత్రం ఉంది. చేరడం వేరు, నేర్వడం వేరు అన్నమాట.

ఇంకో దారి డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్: హైస్కూలు విద్యార్థి నేరుగా కాలేజీ కోర్సులో చేరడం. 1985లో మిన్నెసోటా దీనికి చట్టం చేసింది. 2002 తర్వాత గేట్స్ ఫౌండేషన్ సాయంతో, హైస్కూలు చదువులోనే కాలేజీ కోర్సులు కలిపి చెప్పే ఎర్లీ కాలేజీ బడులు పెరిగాయి. వాటిలో కొన్ని సీట్లు చాలక లాటరీ తీశాయి. అదే పరిశోధకులకు అందివచ్చిన అవకాశం. చీటీ తగిలినవారినీ తగలనివారినీ పోలిస్తే, తగిలినవారే ఎక్కువగా కాలేజీలో చేరారు, డిగ్రీ పొందారు. అయితే ఆ బడులు కాలేజీ పాఠంతో పాటు, వెన్నంటి ఉండే సలహాదారులనూ అదనపు బోధననూ ఇచ్చాయి. ఫలితంలో పాఠానిది ఎంత, ఆ తోడుది ఎంత అన్నది లాటరీ విడదీసి చూపలేదు.