తప్పంటే అంత భయం ఎక్కడినుంచి వస్తుంది?

నాలుగు లైన్ల మెయిల్ రాసి పదేపదే చదువుకునేవాళ్లు మనలో చాలామందే ఉంటారు. థాంక్స్ ముందు పెట్టాలా, చివర పెట్టాలా అని కాసేపు. అవతలివాళ్లు పొగరనుకుంటారేమోనని ఒక వాక్యం మార్చి, మళ్లీ పాతదే పెట్టి కాసేపు. పంపేశాక కూడా ఫోన్ తీసి ఇంకోసారి చూసుకుంటారు. బయటికి ఇది పనిమీద శ్రద్ధలాగే కనిపిస్తుంది. కానీ శ్రద్ధగా పనిచేసే మనిషి మెయిల్ పంపాక దాని సంగతి మర్చిపోతాడు. ఇక్కడ పని అయిపోయినా టెన్షన్ మాత్రం పోదు.

ఈ తేడాను అమెరికన్ మనస్తత్వవేత్త డాన్ హమాచెక్ 1978లోనే గుర్తించాడు. బాగా చేయాలనే తపనతో చేసి తృప్తిపడేవాళ్లు ఒక రకం, ఎంత చేసినా చాలలేదని కుమిలిపోయేవాళ్లు ఇంకో రకం అన్నాడు. 1990లో రాండీ ఫ్రాస్ట్ బృందం పర్ఫెక్షనిజాన్ని, అంటే ఏ లోపమూ ఉండకూడదనే పట్టుదలను, కొలిచే ఒక ప్రశ్నావళి తయారుచేసింది. మనం పెట్టుకునే ప్రమాణాలు, తప్పుల గురించిన బెంగ అందులో వేర్వేరు అంశాలు. తరవాతి పరిశోధనల్లో తేలిందేమిటంటే, కుంగుబాటుతో, ఆందోళనతో గట్టిగా ముడిపడి ఉన్నది ఆ బెంగే. ప్రమాణాలు ఎత్తుగా ఉండటం దానంతట అది పెద్ద ప్రమాదమేమీ కాదు. కాబట్టి వెతకాల్సింది బెంగ మూలాన్ని.

కొంత పుట్టుకతోనే వస్తుంది. అచ్చుగుద్దినట్టుండే కవలల్ని, మామూలు కవలల్ని పోల్చి చూసిన అధ్యయనాలు వారసత్వానికి ఓ మోస్తరు పాత్ర ఉందని చెబుతున్నాయి. అయితే కథంతా అక్కడే లేదు.

పొరపాటున తప్పు బటన్ నొక్కితే, సెకనులో పదోవంతు గడిచేలోపే మెదడులో ఒక విద్యుత్ సంకేతం పుడుతుంది. తలకు ఎలక్ట్రోడ్లు పెట్టి దాన్ని కొలవచ్చు. ఆందోళన ఎక్కువగా ఉండేవాళ్లలో ఈ సంకేతం తరచూ పెద్దదిగా కనిపిస్తుంది. 2015లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో, మూడేళ్ల పిల్లలతో తల్లిదండ్రులు ఎలా మెలుగుతున్నారో పరిశోధకులు ముందు గమనించి పెట్టుకున్నారు. ఆ పిల్లలకు ఆరేళ్లు వచ్చాక మెదడు సంకేతాన్ని కొలిచారు. కఠినంగా, శిక్షించే ధోరణిలో పెంచినవాళ్ల పిల్లల్లో అది పెద్దదిగా ఉంది. తప్పుకు దెబ్బో తిట్టో తప్పదని తెలిసిన మెదడు, తప్పును పసిగట్టడంలో రాటుదేలుతుందని దీనికి వాళ్లు చెప్పుకున్న అర్థం. ఆందోళన జన్యువులు తల్లిదండ్రుల్లోనూ పిల్లల్లోనూ ఉండొచ్చు కదా అని అడిగితే, ఆ అవకాశాన్నీ కొట్టిపారేయలేం.

పోనీ, ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడరనుకుందాం. అప్పుడూ ఈ బెంగ రావచ్చు. ఫస్టొచ్చిన రోజున ఇల్లంతా సందడిగా ఉండి, మార్కులు తగ్గిన రోజున అమ్మ ముభావంగా ఉంటే చాలు, పిల్లలు లెక్క కట్టేసుకుంటారు. ఇలా ప్రేమకు షరతు పెట్టడం మీద మనస్తత్వవేత్తలు ఆవీ అసోర్, గై రోత్, ఎడ్వర్డ్ డెసి 2004లో అధ్యయనం ప్రచురించారు. అలాంటి ఇళ్లలో పెరిగినవాళ్లు అమ్మానాన్నలు కోరినట్టే నడుచుకుంటారు. కానీ లోపల ఎవరో తరుముతున్నట్టుంటుంది. గెలిచిన సంతోషం ఎక్కువసేపు నిలవదు, ఓడితే సిగ్గుతో చచ్చిపోతారు, పైగా కన్నవాళ్లమీద కోపం. నన్నడిగితే తిట్టుకంటే ఈ మౌనమే ఎక్కువ నేర్పుతుంది. తిట్టు కనీసం ఫలానా తప్పుకని తెలుస్తుంది.

పొగడ్త కూడా అమాయకమైనదేమీ కాదు. 1998లో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అయిదో తరగతి పిల్లలకు బొమ్మల వరస పోల్చుకునే పజిల్స్ ఇచ్చి, కొందరిని తెలివైనవాళ్లని, కొందరిని బాగా కష్టపడ్డారని మెచ్చుకున్నారు. తరవాత కఠినమైనవి ఇచ్చి, వచ్చిన స్కోరు ఊరూపేరూ తెలియని ఇంకో పిల్లవాడికి రాయమన్నారు. తెలివైనవాళ్లనిపించుకున్న వాళ్లలో 38 శాతం మంది స్కోరు పెంచి రాశారు. రెండో గుంపులో అలా రాసినవాళ్లు చాలా తక్కువ.

చిన్నప్పుడు పట్టుకున్న భయం పెద్దయ్యాక ఎందుకు వదలదు? ప్రతిసారీ అది నిజమేననిపించే ఏర్పాటు దానిలోనే ఉంది. మెయిల్ ఆరుసార్లు చదివి పంపాక ఏ గొడవా రాలేదంటే, ఆరుసార్లు చదివాను కాబట్టే రాలేదనుకుంటాం. ఒక్కసారే చదివి పంపితే ఏమయ్యేదో తెలిసే దారే ఉండదు. 2002లో రోజ్ షఫ్రాన్, ఆమె సహచరులు ఇంకో మెలిక చూపించారు. లక్ష్యం అందుకోగానే అది మరీ తేలికైనదని కొట్టిపారేసి, ఇంకా ఎత్తున పెట్టుకుంటారట. అందుకే చికిత్సలో కావాలని చిన్న పొరపాటు చేయించి, ఏమవుతుందో స్వయంగా చూసుకోమంటారు.

ఇంటిదగ్గరే ఆగిపోతే మాత్రం లెక్క తప్పుతుంది. అమెరికా, కెనడా, బ్రిటన్‌లలో 1989 నుంచి 2016 దాకా 41,000 మందికి పైగా కాలేజీ విద్యార్థులు నింపిన ప్రశ్నావళుల్ని థామస్ కరన్, ఆండ్రూ హిల్ ఒకచోట చేర్చి చూశారు. తమకు తాము ఎత్తైన ప్రమాణాలు పెట్టుకోవడం 10 శాతం పెరిగితే, లోకం తమనుంచి లోపంలేనితనాన్నే కోరుతోందన్న భావన 33 శాతం పెరిగింది. ఇరవై ఏడేళ్లలో జన్యువులు అంతగా మారవు. 2022లో ఈ ఇద్దరే, తల్లిదండ్రుల అంచనాలు, విమర్శ కూడా పెరుగుతూ వచ్చాయని యువతీయువకుల జవాబుల్లోంచి చూపించారు. పోటీ, అసమానత పెరిగి, వెనకబడితే చెల్లించాల్సిన మూల్యం ఎక్కువైందని, ఆ ఒత్తిడినే పెద్దలు పిల్లలకు అందిస్తున్నారని వాళ్ల వివరణ. తప్పంతా పెంపకానిదేనని తల్లిదండ్రుల్ని బోనులో నిలబెట్టేవాళ్లకు ఈ లెక్కలు అంతగా నచ్చకపోవచ్చు.