ఆటల కంప్యూటరుకు కీబోర్డు: మనవలకు ఉత్తరం

బొబ్బిలి

చిరంజీవులైన మనవలకు తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

సిరిమానోత్సవానికి నేను విజయనగరం వచ్చినప్పుడు మీరిద్దరూ అడిగిన ప్రశ్నకు ఆ సందడిలో తీరికగా జవాబు చెప్పడం కుదరలేదు. ఆటల కోసం మొదటిసారి కంప్యూటరు కొనుక్కుంటున్నారు కనుక ఎర్ర స్విచ్చుల కీబోర్డు తీసుకోవాలా, నీలం స్విచ్చులదా, లేక చవకగా దొరికే మామూలుది చాలునా అన్నది కదా మీ సందేహం.

నా చిన్నతనంలో మా ఊరి కోవెలలో భజనకు ఒక హార్మోనియం పెట్టె ఉండేది. శ్రీరామనవమికి ముందు దానిని బాగుచేసే ఆయన వచ్చి పైపలక విప్పితే పిల్లలమంతా చుట్టూ మూగేవాళ్ళం. ప్రతి మెట్టుకూ దానిదంటూ ఒక సన్నని తీగ స్ప్రింగు ఉండేది. మెట్టు నొక్కగానే తోలు అంటించిన చిన్న మూత లేచి, తిత్తిలోని గాలి ఇత్తడి రీడును పలికించేది. స్ప్రింగు విరిగితే ఆ ఒక్క స్వరమే ఆగకుండా మోగుతూ ఉండేది. ఆయన ఆ ఒక్క తీగను మార్చి, మిగిలిన వాటి జోలికి వెళ్ళేవారు కాదు.

మీరడిగిన ఎర్ర, నీలం స్విచ్చులుండే మెకానికల్ కీబోర్డును ఆ పెట్టెగానే భావించండి. అందులో ప్రతి మీటకూ సొంత స్విచ్చు, సొంత స్ప్రింగు ఉంటాయి; కొన్ని రకాలలో పాడైన స్విచ్చును చేతితోనే ఊడబెరికి కొత్తది గుచ్చుకోవచ్చు. చవక కీబోర్డులో మీటలన్నిటి కిందా ఒకే రబ్బరు పరుపు, దాని అడుగున గీతలు అచ్చువేసిన ప్లాస్టిక్ పొరలు ఉంటాయి. ఒక మూల పాడైతే సాధారణంగా మొత్తం మార్చవలసిందే.

ఇక రంగుల సంగతి. చెర్రీ సంస్థ ఎం.ఎక్స్. స్విచ్చులలో ఎర్రది సుమారు 45 గ్రాముల ఒత్తిడికి, ఎక్కడా అడ్డు తగలకుండా మెత్తగా దిగుతుంది. మీట మొత్తం 4 మిల్లీమీటర్లు దిగుతుంది కాని, 2 మిల్లీమీటర్ల దగ్గరే కంప్యూటరుకు కబురు అందుతుంది. నీలంది మరికొంత గట్టిగా ఉండి, నొక్కినప్పుడల్లా టక్కుమంటుంది. గోధుమరంగుది టక్కుమనకుండా వేలికి చిన్న మిట్ట తగిలినట్లు తెలుపుతుంది. ఇతర సంస్థలు కూడా చాలావరకు ఇవే రంగులు పాటిస్తాయి. వేగంగా పరుగెత్తే ఆటలకు ఎర్రది హాయిగా ఉంటుంది. రాత్రిపూట మీ నానమ్మ నిద్రపోయే గదిలోనే మీ బల్ల ఉంది కనుక నీలంది మాత్రం వద్దు. ఒకరి ఆట మరొకరి నిద్రను చెరపకూడదు.

స్విచ్చు రంగు కంటే నేను ముఖ్యమనుకునేది మరొకటి ఉంది. హార్మోనియం మీద మూడు మెట్లు కలిపి నొక్కితే మూడు స్వరాలూ పలుకుతాయి. చవక కీబోర్డులో అలా జరుగుతుందన్న హామీ లేదు. మీటలకు విడివిడిగా తీగలు వేయకుండా అడ్డువరుసలు, నిలువువరుసలుగా కలుపుతారు కనుక, కొన్ని మూడు మీటలు ఒకేసారి నొక్కినప్పుడు విద్యుత్తు చుట్టుదారిన పోయి, నొక్కని నాలుగోది కూడా నొక్కినట్లు కనిపిస్తుంది. ఆ పొరపాటు రాకుండా చాలా కీబోర్డులు మూడో మీటను అసలు లెక్కలోకే తీసుకోవు. పరుగెత్తుతూ ఎగిరి పక్కకు తిరగవలసిన క్షణంలో మీ వీరుడు నిలబడిపోయేది ఇందుకే. మంచి మెకానికల్ కీబోర్డులలో ప్రతి మీటకూ ఒక డయోడు, అంటే విద్యుత్తును ఒకవైపే పోనిచ్చే చిన్న భాగం, పెట్టి ఆ చుట్టుదారిని మూసివేస్తారు. దుకాణంలో రంగురంగుల దీపాల గురించి కాక దీని గురించి అడగండి; దీపాల వలన ఆట మెరుగుపడదు.

మీ బల్ల చిన్నది కనుక అంకెల భాగం లేని 87 మీటలది తీసుకుంటే మౌసు కదపడానికి చోటు మిగులుతుంది. దాని మీద తెలుగు కూడా నేర్చుకోండి. భారతీయ భాషలు టైపు చేయడానికి ఏర్పరచిన ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో అచ్చులు ఎడమచేతి కిందికి, హల్లులు ఎక్కువగా కుడిచేతి కిందికి వస్తాయి.

కొనేముందు ఇంట్లో ఉన్న పాత కీబోర్డుతో ఒక పని చేయండి. నోట్‌ప్యాడ్ తెరిచి, ఒకరు రెండు షిఫ్టు మీటలనూ అదిమి పట్టుకోండి, మరొకరు ఏ నుంచి జడ్ వరకు అక్షరాలన్నీ కొట్టండి. కొన్ని అక్షరాలు తెర మీదకు రాకపోవచ్చు. గంటస్తంభం వైపు వెళ్ళినప్పుడు దుకాణంలోని కీబోర్డు మీద కూడా అదే చేసి చూసి, ఏ ఏ అక్షరాలు రాలేదో రెండు వరుసలుగా రాసి నాకు పంపండి.

మీ తాతయ్య