అడవిలో సమాధి దిబ్బలు: "అక్కడ ఏమీ లేదండీ" అనేవాళ్ళకి

నేను వేల్స్‌లో పురావస్తు సర్వే పని చేస్తాను. ఎక్కువ రోజులు అడవుల్లో మ్యాపు, టేపు, తడిసిన బూట్లతోనే గడుస్తాయి. సెలవు రోజుల్లో మనవాళ్ళెవరైనా అడిగితే దగ్గర్లో ఉన్న రాతియుగం, కంచుయుగం సమాధులు చూపించడానికి తీసుకెళ్తుంటాను. కుదరకపోతే ఎక్కడున్నాయో చెప్పి పంపిస్తాను. అలా పంపినప్పుడు సాయంత్రానికి వచ్చే మెసేజ్ దాదాపు ప్రతిసారీ ఒకటే: "మీరు చెప్పిన చోటికి వెళ్ళామండీ, అక్కడ ఏమీ లేదు." కార్డిఫ్ వాళ్ళు, స్వాన్సీ వాళ్ళు, బ్రిస్టల్ నుంచి బ్రిడ్జి దాటి వచ్చినవాళ్ళు, అందరిదీ ఇదే మాట. పిల్లల్ని వేసుకుని, పులిహోర కట్టుకుని, బురదలో పడి తిరిగి, ఉసూరుమంటూ ఇంటికి చేరతారు. ఫొటోలు పంపమంటే పంపిస్తారు. ఆ ఫొటోలో వాళ్ళబ్బాయి నిలబడి ఉండేది సరిగ్గా ఆ దిబ్బ మీదే.

అపోహ: సమాధి అంటే పెద్ద పెద్ద బండలు, దూరం నుంచే కనిపిస్తాయి

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే కాబట్టి దీని గురించే ఎక్కువ చెబుతాను, మిగతావి తర్వాత గబగబా.

దీనికి కారణం ఇంటర్నెట్‌లో ఫొటోలు. వేల్స్ సమాధి అని కొట్టగానే పెంబ్రోక్‌షైర్‌లోని పెంట్రె ఇవాన్ వస్తుంది. ఆరుబయట కొండవాలులో, మూడు నిలువు రాళ్ళ కొసల మీద ఆనీ ఆనకుండా నిలబడ్డ 16 టన్నుల బండ. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, కాదనను. దాన్ని మనసులో పెట్టుకుని అడవిలోకి వస్తే మాత్రం ఏమీ దొరకదు. అడవుల్లో ఉన్నవాటిలో ఎక్కువ భాగం కంచుయుగం నాటివి, అంటే సుమారు 4000 ఏళ్ళ కిందటి గుండ్రటి దిబ్బలు. మట్టితోనో రాళ్ళతోనో పోసినవి. నడుమెత్తు మిగిలితే అదృష్టం, చాలావాటికి మోకాలెత్తే. వెడల్పు పది, పదిహేను మీటర్లు. పైన నాచు, రాలిన ఆకులు, ఎండాకాలమైతే ఛాతీ దాకా పెరిగిన బ్రాకెన్ అనే ఫెర్న్ మొక్క. పైగా చాలావాటి నడిమధ్యలో గుంట ఉంటుంది. 18, 19 శతాబ్దాల్లో ఊరి దొరలూ పాదిరీలూ లోపల ఏముందో చూద్దామని కూలీలతో పై నుంచి తవ్వించి, మళ్ళీ పూడ్చకుండా వదిలేసిన గుంట అది. కాబట్టి మీరు వెతకాల్సింది బండల కోసం కాదు, నాచు పట్టిన గారె కోసం.

న్యూపోర్ట్‌కీ చెప్‌స్టోకీ మధ్య వెంట్‌వుడ్ అడవి ఉంది కదా, అందులో ఇలాంటి దిబ్బలున్నాయి. ఆదివారం సైకిళ్ళ వాళ్ళు కొందరు ఇలాంటివాటి మీదుగా ఎగిరి దూకుతుంటారు. పాపం వాళ్ళకి తెలియదు. "ఏమీ లేదు" అనుకున్న చోట జనం ఏం చేస్తారో రోజూ చూస్తుంటాను. డిస్పోజబుల్ బార్బెక్యూ పెడతారు, రాళ్ళు ఏరి పొయ్యి కడతారు. కొండ మీదైతే రాతికుప్పలోంచి రాళ్ళు లాగి గాలికి అడ్డంగా గోడ పేరుస్తారు, ఇంకొందరు గుర్తుగా తలా ఒక రాయి వేసి పోతారు. 4000 ఏళ్ళు నిలబడిన అమరిక ఒక్క మధ్యాహ్నంలో పోతుంది. మీ శ్రమ వృథా అయితే వచ్చే ఆదివారం ఇంకోసారి రావచ్చు, దిబ్బకి ఆ అవకాశం లేదు.

మరి ఎలా కనిపెట్టాలి? మొదటిది, కాలం. జూన్ నుంచి అక్టోబరు దాకా బ్రాకెన్ కింద ఏనుగు పడుకున్నా కనపడదు. జనవరి నుంచి మార్చి మధ్యలో రండి, ఆకు రాలి, బ్రాకెన్ ఎండి నేలకి ఒరిగి ఉంటుంది, ఎండ పక్కవాటుగా పడి చిన్న ఎత్తుపల్లాలు కూడా నీడలతో తేలతాయి. డిసెంబరులో మాత్రం కార్డిఫ్‌లో సాయంత్రం నాలుగింటికే సూర్యుడు అస్తమిస్తాడు, అడవిలో చీకటి ఇంకా ముందే పడుతుంది. లంచ్ చేసి బయల్దేరదాం అనుకునే బ్యాచ్‌కి ఇది మనవి.

రెండోది, మ్యాపు. ఫోన్ మ్యాపులో ఎవరో పెట్టిన పిన్ను నమ్మి వస్తే సగం సార్లు అది రోడ్డు పక్కన ఉంటుంది, మిగతా సగం సార్లు చెట్ల కింద జీపీఎస్ పదీ ఇరవై మీటర్లు తప్పుతుంది, మోకాలెత్తు దిబ్బ మిస్ కావడానికి ఆ మాత్రం చాలు. నారింజ అట్ట ఉన్న ఆర్డ్నెన్స్ సర్వే ఎక్స్‌ప్లోరర్ మ్యాపు తీసుకోండి. అందులో ప్రాచీన కట్టడాల పేర్లు మామూలు అక్షరాల్లో ఉండవు, పాత బైబిళ్ళలో లాగా కోసుగా ఉండే గోతిక్ అక్షరాల్లో వేస్తారు. ట్యూములస్ అని ఉంటే మట్టిదిబ్బ, కెయిర్న్ అని ఉంటే రాతికుప్ప. గ్రిడ్ రిఫరెన్స్ (మ్యాపులో ఆ చోటు ఎక్కడుందో చెప్పే అక్షరాలూ అంకెలూ) కావాలంటే, వేల్స్ ప్రాచీన కట్టడాల జాబితా ఉండే కోఫ్లైన్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఇంకా ఓపికుంటే డేటామ్యాప్‌వేల్స్ అనే మ్యాపుల వెబ్‌సైట్‌లో లైడార్ బొమ్మ (పై నుంచి లేజర్‌తో నేలని కొలిచి చేసినది) చూడండి, చెట్లన్నీ తీసేసిన నేల ఆకారం అందులో కనిపిస్తుంది. ఇవన్నీ ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోండి, అక్కడ సిగ్నల్ ఉంటుందన్న నమ్మకం పెట్టుకోవద్దు.

మూడోది, పోలికలు. పైన్, స్ప్రూస్ తోటల్లో ఏ కారణమూ లేకుండా గుండ్రంగా చెట్లు నాటకుండా వదిలిన జాగా కనిపిస్తే ఆగండి. 1919లో ఫారెస్ట్రీ కమిషన్ పెట్టాక ఈ కొండల మీద లెక్కలేనన్ని చెట్లు నాటారు, మొదట్లో దిబ్బల్ని కూడా దున్నేశారు, తర్వాత తర్వాత జాగ్రత్తపడి వాటిని వదిలేసి నాటుతున్నారు. సమాధుల్ని కావాలని అడవిలో దాచిపెట్టారని కొందరు అంటుంటారు, అదీ అందుకే తప్పు. ఈ కొండల మీద చాలాచోట్ల దిబ్బ ముందు వచ్చింది, ఇప్పుడు చుట్టూ ఉన్న చెట్లు నిన్నగాక మొన్న వచ్చినవి.

దిబ్బల్లా కనిపించి బోల్తా కొట్టించేవీ ఉన్నాయి. పెద్ద చెట్టు వేళ్ళతో సహా కూలితే ఒక గుంట, పక్కనే ఒక మట్టికుప్ప మిగులుతాయి. వందేళ్ళ తర్వాత చెట్టు కుళ్ళిపోయి ఆ కుప్పే ఉంటుంది. గుంట మధ్యలో కాకుండా ఒక పక్కన ఉంటే అది చెట్టు చేసిన పని. వాలులో చదునుగా, గుండ్రంగా, అరుగులా ఉంటే అది కట్టెలు కాల్చి బొగ్గు చేసిన చోటు. మడమతో ఆకులు పక్కకి జరిపితే నల్లటి మట్టి కనిపిస్తుంది. బుర్రంత రాళ్ళు పొలం గట్టున కుప్పగా ఉంటే రైతు ఏరి పోసినవి అయ్యుండొచ్చు. వీటిలో ఏది ఏదో మాకే ఒక్కోసారి తేలదు, కాబట్టి మీరు తడబడితే సిగ్గుపడనక్కర్లేదు.

మొదటిసారి వెళ్ళేవాళ్ళని నేను ఇలాంటి దిబ్బల మీదికి పంపను. గోవర్‌లో పార్క్ లె బ్రియోస్‌కి వెళ్ళండి. పార్క్‌మిల్ దగ్గర బండి పెట్టి చదునైన దారిలో కాసేపు నడిస్తే చాలు, రెండు పక్కలా చెట్లు, మధ్యలో పచ్చిక, ఆ పచ్చికలో పొడుగ్గా రాళ్ళు పేర్చిన సమాధి. 1869లో రోడ్డుకి కంకర కోసం రాళ్ళు తీస్తున్న పనివాళ్ళకి ఇది బయటపడింది. అప్పటిదాకా ఊళ్ళోవాళ్ళకి అదొక రాళ్ళగుట్ట. ముందు భాగం లోపలికి వంగి వాకిలిలా ఉంటుంది, అందులోంచి సన్నటి నడవ, నడవకి అటు రెండు ఇటు రెండు గదులు. పైకప్పు బండలు ఎప్పుడో పోయాయి, అందుకే లోపలి ప్లాను మొత్తం వేళ్ళతో చూపించొచ్చు. గోడ దగ్గర వంగి చూడండి, సున్నపురాతి పలకల్ని సిమెంటూ బురదా లేకుండా ఒకదాని మీద ఒకటి పరిచిన తీరు కనిపిస్తుంది, పెద్ద నిలువురాళ్ళ మధ్య సందుల్ని చిన్న పలకలతో ఎలా పూడ్చారో కూడా. ఇప్పుడు కనిపించే గోడల్లో కొంత 1960-61లో ఆట్కిన్‌సన్ అనే పురావస్తు శాస్త్రవేత్త చేసిన తవ్వకం తర్వాత సరిచేసి నిలబెట్టినదే. ఆ లోయలోనే ఒక పాత సున్నపుబట్టీ కూడా ఉంది. సమాధి అనుకుని దాని ముందు ఫ్యామిలీ ఫొటో దిగి పంపేవాళ్ళు ఉంటారు. బట్టీ కూడా బాగానే ఉంటుంది లెండి.

అపోహ: శ్మశానానికి వెళ్తే మైల, పిల్లలకి మంచిది కాదు

దీన్ని నేను ఎగతాళి చేయను. ఇండియా నుంచి విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దవాళ్ళు అడిగే ప్రశ్న ఇది, కడుపుతో ఉన్న అమ్మాయిలు మెల్లగా పక్కకి పిలిచి అడిగే ప్రశ్న కూడా. ఉన్నమాట చెబుతాను: మీరు వెళ్ళి చూసే ఆ గదుల్లో ఎముకలు లేవు. పార్క్ లె బ్రియోస్‌లో కనీసం 40 మందివి దొరికాయి, కార్డిఫ్ పక్కన టింకిన్స్‌వుడ్ అనే రాతియుగం సమాధిని 1914లో జాన్ వార్డ్ అనే పురావస్తు పరిశోధకుడు తవ్వినప్పుడు 920 దాకా ఎముకలు, చాలావరకు ముక్కలు. తవ్వకాల్లో దొరికినవి తీసేశారు. ఇప్పుడున్నది రాళ్ళు, గడ్డి, గొర్రెల పెంటికలు. ఇంటికెళ్ళి తలస్నానం చేస్తే మనసు కుదుటపడుతుందంటే చేయండి, ఆ బురదకి ఎలాగూ చేయాలి.

ఒకసారి తెనాలి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ కంచె దగ్గరే ఆగిపోయారు. కొడుకు విసుక్కుంటున్నాడు, మనవడు అప్పటికే లోపలికి పరిగెత్తాడు. "ఒక్క రాజుదేనా నాయనా ఇది?" అని అడిగారు నన్ను. కాదమ్మా, ఆడా మగా పిల్లలూ అందరివీ, ఎముకలు కలిసిపోయి ఉన్నాయి, ఎక్కడో ఉంచినవి తర్వాత తెచ్చి ఇక్కడ పెట్టినవీ ఉన్నాయి, తరాల తరబడి వచ్చి తలుపురాయి తీసి లోపలికి వెళ్ళేవాళ్ళని అనుకుంటాం అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "అయితే తద్దినాలు సరిగ్గానే పెట్టుకున్నారన్నమాట" అని చెప్పులు విప్పి లోపలికి వచ్చేశారు. ఆ చలిలో చెప్పులు వేసుకోమని బతిమాలాల్సి వచ్చింది. ఇన్ని సమాధులు చూశాక కూడా ఇంతకంటే తేలిగ్గా నేను వివరించలేను.

అపోహ: లోపల బంగారం ఉంటుంది

ఇక్కడ మాత్రం నాకు ఓపిక లేదు. ఉత్తర వేల్స్‌లో మోల్డ్ ఊరి దగ్గర 1833లో రాళ్ళ కోసం దిబ్బ తవ్వుతుంటే బంగారపు భుజకవచం బయటపడింది, నిజమే, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అలాంటిది ఇంకోటి ఇప్పటిదాకా దొరకలేదు. టింకిన్స్‌వుడ్‌లో దొరికినవి కుండపెంకులు, చెకుముకిరాళ్ళు, పశువుల ఎముకలు. రక్షిత కట్టడం మీద అనుమతి లేకుండా మెటల్ డిటెక్టర్ పట్టుకుని తిరగడమే నేరం, తవ్వడం సంగతి చెప్పక్కర్లేదు. వేల్స్‌కి 2023లో చేసిన వారసత్వ చట్టం 2024 నవంబరు నుంచి అమల్లో ఉంది. మనదగ్గర గుప్తనిధుల పిచ్చితో రాకాసి గుళ్ళని (బండలతో కట్టిన పాతకాలపు సమాధుల్ని) ఏం చేశారో చూశాం, ఆ తెలివి ఇక్కడికి మోసుకురావద్దు.

రాకాసి గుళ్ళంటే గుర్తొచ్చింది. "తెలంగాణలో జానంపేటలో, దామరవాయిలో ఉన్నవీ ఇవీ ఒకే జాతివాళ్ళు కట్టారట" అని వాట్సాప్‌లో తిరుగుతోంది. లేదు. తెలంగాణలోవి ఇనుపయుగానివి, టింకిన్స్‌వుడ్ ఇప్పటికి 6000 ఏళ్ళ కిందటిది, మధ్యలో మూడు వేల ఏళ్ళ పైమాటే తేడా. నాలుగు బండలు నిలబెట్టి పైన ఒకటి కప్పాలంటే ఎవరు కట్టినా కాస్త అలాగే వస్తుంది.

డ్రూయిడ్లు (పాతకాలపు కెల్టిక్ పూజారులు) కట్టారన్నదీ ఇంతే, వాళ్ళు వేల ఏళ్ళ తర్వాతివాళ్ళు. టింకిన్స్‌వుడ్‌లో 40 టన్నుల కప్పుబండ కింద ఉన్న ఇటుకల స్తంభం 1914 నాటిది, దాన్ని ముట్టుకుని రాతియుగం ఇటుక అని స్టేటస్ పెట్టకండి. అక్కడ ఒక ప్రత్యేకమైన రాత్రి పడుకుంటే చచ్చిపోతారు, లేదా పిచ్చెక్కుతుంది, లేదా కవి అవుతారు అని ఊరి కథ. మనవాళ్ళలో మూడోదానికి ఉత్సాహపడేవాళ్ళు ఎక్కువ, కానీ టెంటు వేయాలంటే భూమి యజమాని అనుమతి కావాలి.

టికెట్ ఉంటుందా అని అడుగుతారు, పార్క్ లె బ్రియోస్‌లోనూ టింకిన్స్‌వుడ్‌లోనూ లేదు. ఎక్కడపడితే అక్కడ అడ్డంగా నడవొచ్చా అంటే లేదు, మ్యాపులో ఆకుపచ్చ గీతల దారి పట్టుకోండి. ప్రభుత్వ అడవుల్లో నడకకి సాధారణంగా అభ్యంతరం ఉండదు గానీ చెట్లు కొడుతున్నట్టు బోర్డు కనిపిస్తే వెనక్కి తిరగండి, ఆదివారం మిషన్లు ఆగి ఉన్నా సరే. బ్రాకెన్‌లో తిరిగితే ఇంటికొచ్చాక పిడుదుల కోసం పిల్లల మోకాళ్ళ వెనక, చంకల్లో, తలకట్టు దగ్గర చూడండి. పట్టుకుని ఉంటే పట్టకారుతో చర్మానికి ఆనించి నిదానంగా పైకి లాగండి, నూనె పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం లాంటి నాటువైద్యాలు వద్దు. తర్వాత వారాల్లో ఎర్రటి మచ్చ పెరుగుతూ కనిపిస్తే జీపీకి (మీ ఫ్యామిలీ డాక్టర్‌కి) చూపించండి. టెన్షన్ పడాల్సిన పని లేదు, వదిలేయకూడదు అంతే.

ఇంత చదివి వెళ్ళాక మ్యాపులో లేని దిబ్బ ఏదైనా నిజంగా కనిపిస్తే, ఆకులు కూడా ఎక్కువ కదపకుండా పక్కన ఒక మనిషినో వాకింగ్ స్టిక్‌నో పెట్టి ఫొటో తీసి, గ్రిడ్ రిఫరెన్స్ రాసుకుని హెనెబ్‌కి ఈమెయిల్ పంపండి. 2024 ఏప్రిల్ నుంచి వేల్స్ పురావస్తు ట్రస్టులన్నీ కలిసి ఏర్పడిన సంస్థ అది. పది మెయిళ్ళలో తొమ్మిది కూలిన చెట్లవే వస్తాయి, ఫర్వాలేదు, పంపండి.