గురువు గొప్పా, గ్రంథం గొప్పా? యూరప్ పాత కత్తియుద్ధ విద్యపై అపోహలు - వాస్తవాలు

యూరప్‌లో మధ్యయుగం నుంచి మిగిలిన కత్తియుద్ధ గ్రంథాలు చదివి, అందులో ఉన్నదాన్ని మొద్దు కత్తులతో సాధన చేసేవాళ్ళం ఈరోజు చాలా దేశాల్లో ఉన్నాం. ఈ విద్యను 'హెమా' (హిస్టారికల్ యూరోపియన్ మార్షల్ ఆర్ట్స్) అంటున్నారు. ఇద్దరు సాధకులు కలిస్తే చాలు, ఏ గురువు గొప్ప అన్న చర్చ మొదలవుతుంది. చర్చ మంచిదే. కానీ అందులో పదేపదే వినిపించే కొన్ని మాటలు కొత్తవాళ్ళను తప్పుదారి పట్టిస్తున్నాయి. ఒక మనిషి కత్తి పట్టడంలో ఎంత ఘనుడన్నది ఒక ప్రశ్న, అతని పుస్తకం మనకు ఎంత నేర్పగలదన్నది వేరే ప్రశ్న. ఈ రెండింటినీ కలిపేయడం దగ్గరే చాలా అపోహలు పుడుతున్నాయి.

అపోహ: మధ్యయుగపు కత్తియుద్ధం అంటే బలం ఉన్నవాడు బాదడమే. శాస్త్రమంతా 16వ శతాబ్దపు ఇటలీలో పుట్టింది.

ఈ అభిప్రాయం గట్టిపడింది 19వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో. 1885లో వచ్చిన ఎగర్టన్ కాజిల్ అనే రచయిత ఫెన్సింగ్ (కత్తియుద్ధ) చరిత్ర దీనికి బాగా ఊతమిచ్చింది. పాతదంతా మోటు, కాలం గడిచేకొద్దీ మెరుగు అన్న లెక్కలో ఆయన గురువులను వరసపెట్టాడు. శ్రమపడి సేకరించిన సమాచారం అది, అందుకు ఆయనకు రుణపడి ఉన్నాం. తీర్పు మాత్రం నిలవదు.

ఇప్పుడు ఇంగ్లండ్‌లోని రాయల్ ఆర్మరీస్ మ్యూజియం దగ్గరున్న ఐ.33 అనే రాతప్రతి 14వ శతాబ్దం తొలినాళ్ళది. ఒక క్రైస్తవ పూజారి శిష్యుడికి కత్తి, బక్లర్ అనే చిన్న డాలు నేర్పుతుంటాడు. చివరి పుటల్లో వాల్పుర్గిస్ అనే స్త్రీ కూడా కత్తి పట్టి నిలబడుతుంది. ఏడు నిలుపులు (కత్తి పట్టి నిలబడే భంగిమలు), ఒక్కో నిలుపును దేనితో ఛేదించాలి, రెండు కత్తులు తాకి ఆగినప్పుడు తర్వాతి కదలిక ఎవరిది అన్నవి ఆ ప్రతిలో ఒక క్రమంలో వస్తాయి. ఇది బాదుడు కాదు. రెండు చేతుల కత్తి కూడా జనం అనుకునేంత బరువేమీ ఉండదు, సాధారణంగా 1.5 కిలోల అటూఇటూ.

'శాస్త్రం' తెచ్చాడని చెప్పుకునే కామిల్లో అగ్రిప్పా 1553లో రోమ్‌లో పుస్తకం అచ్చువేశాడు. నిలుపులకు ఒకటి, రెండు, మూడు, నాలుగు అని సంఖ్యలు పెట్టింది ఆయనే. ఆయన వృత్తిరీత్యా ఇంజనీరు, కత్తి నేర్పి బతికిన గురువు కాదు. అందువల్ల పుస్తకం విలువేమీ తగ్గలేదు.

అపోహ: లీష్టెనావర్ ఏం చెప్పాడో మనకు తెలుసు.

జర్మన్ సంప్రదాయానికి మూలపురుషుడిగా యోహానెస్ లీష్టెనావర్ పేరు చెబుతారు. ఆయన స్వయంగా రాసిన రాతప్రతి ఒక్కటి కూడా మనకు దక్కలేదు. దక్కినవి ఆయన పేరున ఉన్న పద్యాలు. అవి బయటివాళ్ళకు అర్థం కాకూడదని కావాలనే గూఢంగా కట్టినవి. వాటిని విప్పి చెప్పింది 15వ శతాబ్దపు వ్యాఖ్యాతలు: రింగెక్, యూద్ లెవ్, ఇంకా ఇప్పుడు రోమ్‌లో ఉన్న 1452 నాటి 'డాంజిగ్ ప్రతి'లోని పేరు తెలియని వ్యాఖ్యాత. వీళ్ళు చాలాచోట్ల ఒకే మాట చెబుతారు, కొన్నిచోట్ల విడిపోతారు. ఈ సంప్రదాయపు ప్రతుల్లో అన్నిటికన్నా పాతదని పేరుపడ్డ న్యూరెంబర్గ్ ప్రతికి 1389 అన్న తేదీ కూడా అందులోని క్యాలెండర్‌ను బట్టి వేసిన అంచనాయే.

కాబట్టి "లీష్టెనావర్ ఇలా అన్నాడు" అని ఎవరైనా అంటే, ఏ వ్యాఖ్యలో అని అడగండి. మనం తూచగలిగింది వ్యాఖ్యాతలనే. నా మటుకు ఆ వ్యాఖ్యల్లో అమూల్యమైనది దెబ్బల పట్టిక కాదు. ఎదుటివాడి కత్తి మన కత్తిని తాకగానే అది గట్టిగా ఉందా, మెత్తగా ఉందా అని చేతితోనే కనిపెట్టి, ఆ క్షణంలోనే తర్వాతి పని ఎంచుకోమంటారు. ప్రత్యర్థి నిజంగా ఎదురుతిరిగే బౌటులో (సాధన పోటీలో) ఆ పాఠం పనిచేస్తుంది. పద్యం ఎవరు కట్టారన్నదానితో దానికి సంబంధం లేదు.

అపోహ: ఫియోరే ఐదు ద్వంద్వయుద్ధాలు చేశాడు, కాబట్టి ఆయన పద్ధతే మేలు.

ఇటలీ గురువు ఫియోరే దేయ్ లిబేరి తన గ్రంథం పీఠికలో ఈ మాట స్వయంగా రాసుకున్నాడు. తన విద్య చూపించడానికి ఒప్పుకోనందుకు పగబట్టిన గురువులతో, ఒంటి మీద కవచం లేకుండా, దట్టంగా కుట్టిన చొక్కా, తోలు గ్లవుజులతో, పదునైన కత్తులతో ఐదుసార్లు తలపడ్డానంటాడు. నిజమే కావచ్చు. కానీ చెబుతున్నది ఆయనే, అదీ ఫెరారా ప్రభువు నికోలో డెస్తేకు అంకితమిచ్చిన పుస్తకంలో. పైగా గెలుపు యోధుడి సత్తాను చెబుతుంది, బోధన నాణ్యతను చెప్పదు.

ఫియోరేను నేను నెత్తిన పెట్టుకునేది వేరే కారణానికి. గెట్టీ మ్యూజియంలో ఉన్న ఆయన ప్రతి చూడండి. దాడికి విరుగుడు చూపే గురువు తలపై కిరీటం ఉంటుంది. ఆ విరుగుడు నుంచి ముందుకు వెళ్ళే శిష్యుడి కాలికి బంగారు పట్టీ. ఆ విరుగుడునే తిప్పికొట్టేవాడికి కిరీటమూ, పట్టీ రెండూ. చదవడానికి ముందే బొమ్మ చూసి ఎవరి వంతు నడుస్తోందో తెలిసిపోతుంది. కుస్తీ, బాకు, కత్తి, ఈటె, గుర్రం మీద యుద్ధం అన్నిటికీ ఇదే అల్లిక. బాకు పాఠంలో నేర్చిన మణికట్టు పట్టు కత్తుల పాఠంలో మళ్ళీ ఎదురవుతుంది. 1410 ప్రాంతంలో ఇంత ఆలోచించి పాఠం కట్టిన మనిషికి ఐదు యుద్ధాల సిఫారసు అక్కర్లేదు.

అపోహ: బొమ్మలు ఎంత బాగుంటే గురువు అంత గొప్ప.

హాన్స్ టాల్‌హోఫర్ అనే జర్మన్ గురువు 1467 నాటి మ్యూనిక్ ప్రతిలో బొమ్మలు అద్భుతం. మాటలు మాత్రం చాలాచోట్ల ఒక్క వాక్యమే. విద్య ముందే వచ్చినవాడికి అది గుర్తుచేస్తుంది, కొత్తవాడికి నేర్పదు. ఆగ్స్‌బర్గ్‌కు చెందిన పౌలుస్ హెక్టర్ మైర్ సంగతి మరీ చిత్రం. ఆయన నగరపాలనలో ఖజానా చూసే అధికారి. 1540లలో చిత్రకారులను, కత్తి తెలిసినవాళ్ళను పెట్టుకుని బ్రహ్మాండమైన సంకలనాలు తయారు చేయించాడు. చివరికి నగర ధనం కాజేసిన నేరానికి 1579లో ఉరితీశారు. మనిషి నేరస్థుడని ఆ సంకలనాలను పక్కనపెడితే నష్టం మనకే. కొడవలి, రైతు కర్ర లాంటి వాటి పోరు గురించి అంత వివరం ఇంకెక్కడా సులువుగా దొరకదు.

అపోహ: మేయర్‌ది ఉత్త ఆట, నిజం పోరు కాదు.

ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. యోఆఖిం మేయర్ కత్తులు తయారుచేసే పనివాడు. 1570లో స్ట్రాస్‌బర్గ్‌లో పుస్తకం అచ్చువేసి అప్పులపాలయ్యాడు, మరుసటి ఏడాదే చనిపోయాడు. లాంగ్‌స్వోర్డ్ (రెండు చేతుల కత్తి) భాగంలో పోట్లు బాగా తక్కువన్నది నిజం. అప్పటి జర్మన్ కత్తి బడుల్లో ఆ ఆయుధంతో పొడవడం ఆచారం కాదు. అదే పుస్తకంలో రేపియర్ (పొడవడానికి అనువైన సన్నటి ఒంటిచేతి కత్తి) భాగం తెరిస్తే పోట్లు కావలసినన్ని ఉన్నాయి. లాంగ్‌స్వోర్డ్ పుటలు మాత్రమే చదివి తీర్పు చెప్పేవాళ్ళు ఆయనకు అన్యాయం చేస్తున్నారు. నా దృష్టిలో అడుగులు, వేళ, దూరం గురించి ఇంత ఓపిగ్గా వివరించిన రచయితలు అరుదు.

అపోహ: ఇటాలియన్ గురువులు మోసగాళ్ళని జార్జ్ సిల్వర్ రుజువు చేశాడు.

1599లో ఇంగ్లిష్‌వాడైన సిల్వర్ రాసిన పుస్తకం లండన్‌లో రేపియర్ నేర్పే ఇటాలియన్ల మీద దాడి. విన్సెంతియో సావియోలోను బహిరంగ పోటీకి పిలిస్తే రాలేదని రాశాడు. ఆ కథను మనకు చెప్పేది సిల్వరే. సావియోలో పుస్తకం 1595లో అచ్చయింది, అదీ చదవాలి. కానీ పక్షపాతం ఉందని సిల్వర్‌ను తీసిపారేయకూడదు. అడుగు కన్నా చెయ్యి వేగం, కాబట్టి ముందు చెయ్యి కదలాలి అని ఆయన చెప్పిన క్రమం ఏ ఆయుధం పట్టినా పరీక్షకు నిలుస్తుంది.

అపోహ: జిగాంతి దొంగ రచయిత.

1606లో వెనిస్‌లో మొదటి పుస్తకం వేసిన నికోలెత్తో జిగాంతి, అదే ఏడాది కోపెన్‌హాగెన్‌లో అచ్చయిన సాల్వతోర్ ఫాబ్రిస్ రచనను కాపీ కొట్టాడని శతాబ్దాల పాటు అన్నారు. కారణం, తర్వాత జర్మనీలో వెలువడిన ఒక ముద్రణలో జిగాంతి పేరు కింద ఫాబ్రిస్ రాతలు కలిసిపోవడం. జిగాంతి రాస్తానని మాటిచ్చిన రెండో పుస్తకం అసలు రానేలేదని చాలామంది నమ్మారు. 1608 నాటి ఆ పుస్తకం బయటపడి, 2013లో ఇంగ్లిషులో వచ్చింది. అందులో ఉన్నది జిగాంతి సొంత పాఠమే.

కొత్తవాళ్ళు ఎవరితో మొదలుపెట్టాలని అడుగుతుంటారు. మీ ఊళ్ళో సాధన చేసే బృందం ఏది చదువుతుంటే అదే చదవండి. ఒక పాఠాన్ని మూడు రకాలుగా ఆడి చూడండి: ముందు నెమ్మదిగా, తర్వాత ఎదుటివాడు ఒక్క ప్రతిక్రియ మాత్రమే ఎంచుకునేలా, ఆపైన స్వేచ్ఛగా. మూడో దశలో కుదరకపోతే మళ్ళీ మూలంలోకి వెళ్ళి దూరం, కాలు, కత్తి పొడవు సరిగ్గా చూసుకున్నారో లేదో గమనించండి. ఫియోరే గెట్టీ ప్రతి మ్యూజియం వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంది. మొదట చూడాల్సినవి బాకు పుటలు.